పురోహితుడి బరువు

తుని,
9 ఏప్రిల్ 2025

చిరంజీవి నరసింహమూర్తికి,

ఆశీస్సులు. ఎంత కోపమొచ్చినా ముందు ఆశీస్సులు రాయడం మన ఇంటి పద్ధతి కాబట్టి రాశాను. ఇక అసలు సంగతి.

నువ్వు కాకినాడ ఆసుపత్రిలో ఆరు రోజులు ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పడుకున్నావట. ఉగాదినాడు మండపేటలో నీ పంచాంగ శ్రవణం లేకపోయేసరికి జనం ఆరా తీశారట. ఆ కబురు తిరిగి తిరిగి మా హైమకి చేరితే, అది నాకు కాగితం మీద రాసి చూపించింది. నా తమ్ముడి సంగతి ఊరివాళ్ళు నా కూతురికి చెప్పాలి, నా కూతురు నాకు చెప్పాలి. మూడేళ్ళుగా నాకు ఫోనులో మాట వినపడని మాట నిజమే. చెవులు పోయాయి గాని కళ్ళు పోలేదు కదరా. ఒక కార్డు ముక్క రాస్తే చదువుకునేదాన్ని.

పైగా ఇది మొదటిసారి కాదట. పోయిన శ్రావణంలోనూ ఇలాగే ఆయాసం వచ్చి నాలుగు రోజులు అక్కడే ఉన్నావట. నాకు మాత్రం వైరల్ జ్వరం అని రాశావు. ఆ ఉత్తరం దాచాను. నువ్వు కాదనడానికి వీల్లేకుండా చూపిస్తాను.

హైమ మీ ఆవిడ మీనాకుమారిని అడిగి నీ డిశ్చార్జి కాగితం ఫోటో తెప్పించింది. గుండె పంపింగ్ ముప్పై అయిదు శాతం, ఊపిరితిత్తుల్లో నీరు అని ఉంది. కింద ఇంగ్లీషులో ఇంకో మాట ఉంది. రోగి ఉప్పు తగ్గించడం లేదు, చెప్పినట్టు నడుచుకోవడం లేదు అని. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. ప్రోగ్రెస్ కార్డు మీద అలాంటి మాట రాసేముందు ఆ పిల్లాణ్ణి పిలిచి "ఏరా, ఎందుకు చెయ్యలేదు?" అని అడిగేదాన్ని. వాళ్ళు నిన్ను అడిగారా, అడక్కుండానే రాసేశారా? అడిగితే నువ్వేం చెప్పావు?

అయినా ఆవకాయ కనబడితే నువ్వు ఆగలేవని నాకు తెలుసు. చిన్నప్పుడు జాడీ మూత తీసి ముక్కలు చప్పరించి మళ్ళీ లోపల పడేసినవాడివి. అప్పుడంటే అమ్మ రెండు అంటించి ఊరుకుంది. ఇప్పుడు నీకు అరవై మూడేళ్ళు. ఇవాళ్టి నుంచి ఊరగాయ నీ విస్తట్లో కనబడ్డానికి వీల్లేదు.

సహస్ర పెళ్ళి ముహూర్తం పెట్టారు. జూన్ ఏడు, శనివారం, ఉదయం పదీ నలభైకి, మా తునిలోనే. నా పెళ్ళి పెదనాన్నగారు చేయించారు. నా కూతురు పెళ్ళి నువ్వు చేయించావు. నా మనవరాలి పెళ్ళికి కూడా పీట మీద నువ్వే ఉండాలి. అంతదాకా నోరు కట్టుకుని ఒళ్ళు బాగుచేసుకో.

నీ మీద మండిపడుతున్న
అక్కయ్య లలితాంబ


మండపేట,
16 ఏప్రిల్ 2025

అక్కయ్య పాదాలకు నమస్కారం.

నీ ఉత్తరం చదివాను. మీనాకుమారి కూడా చదివింది. ఆవకాయ ముక్కలు చప్పరించిన సంగతి ఆవిడకు ఇన్నాళ్ళూ తెలియదు. ఇప్పుడు తెలిసింది, సంతోషం.

చెప్పకపోవడం నాదే తప్పు. నీకు చెబితే తెల్లారేసరికి బస్సెక్కి వచ్చి ఆ డాక్టర్లను బల్ల ఎక్కిస్తావని చెప్పలేదు. నిజానికి ఎక్కించినా బాగానే ఉండేది. నా మంచం దగ్గరకు ఒక కుర్ర డాక్టరు అట్ట పట్టుకుని వచ్చాడు. పొగ తాగుతారా అన్నాడు. లేదన్నాను. మందు తాగుతారా అన్నాడు. నా పిలక వైపు, జంధ్యం వైపు చూస్తూనే మాంసం తింటారా అని కూడా అడిగాడు. లేదు బాబూ అన్నాను. షుగరు, బీపీ, మీ నాన్నగారికి గుండెజబ్బుందా, అన్నీ అడిగి టిక్కులు పెట్టుకున్నాడు. నేను కాస్త ఊపిరి తీసుకుని ఏదో చెప్పబోయేసరికి పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

పక్క మంచం మీద అచ్చిబాబు అని మా మండపేటవాడే, రైసుమిల్లులో ఇరవై ఏళ్ళుగా బస్తాలు మోస్తున్నవాడు. అతనికి కూడా అవే ప్రశ్నలు. "బీడీ కాలుస్తావా?" "లేదండి." "చుట్టా?" "లేదండి, మా ఇంటావంటా లేదండి." ఆస్తమా అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ మనిషి దగ్గితే దుప్పటి మీద తవుడు రంగు కఫం పడుతోంది. ఇరవై ఏళ్ళుగా ఊక దుమ్ములో నిలబడ్డాడు, ఆ సంగతి అడిగినవాడు లేడు. మా ఇద్దర్నీ అడగవలసింది ఒకటే ప్రశ్న అక్కయ్యా. నువ్వేం పని చేస్తావయ్యా అని. ఆరు రోజుల్లో ఎనిమిదిమంది వచ్చారు, తెల్లకోట్లతో. ఆ ఒక్క మాట ఎవరి నోటా రాలేదు.

ఇక ఉప్పు సంగతి. మా ఇంట్లో వంటలో ఉప్పు మానేసి ఏడాది దాటింది. ఇప్పుడు ఆవకాయ రోజులు. వీధిలో ప్రతి ఇంట్లో ఆవపిండి, కారం కలుపుతున్న ఘాటు మా వసారాలోకి వస్తోంది. నేను ఆ ఘాటు పీలుస్తూ చప్పిడి పప్పు తింటున్నాను. మజ్జిగలో కూడా ఉప్పు వేసుకోవడం లేదు. నేను చెప్పినట్టు నడుచుకోవడం లేదని రాసినవాణ్ణి ఒక్కపూట మా ఇంటికి భోజనానికి పిలవాలని ఉంది.

మాత్రలు మీనాకుమారి చేత్తోనే ఇస్తుంది. రోజూ పొద్దున్నే బరువు చూసుకోమన్నారు గాని మా ఇంట్లో ఆ మిషను లేదు.

సహస్ర పెళ్ళి నేనే చేయిస్తాను. దాని నక్షత్రానికి ఆ ముహూర్తం చాలా బాగుంది.

తమ్ముడు
నరసింహమూర్తి


తుని,
24 ఏప్రిల్ 2025

చిరంజీవి నరసింహానికి ఆశీస్సులు.

నీ ఉత్తరం బాగుంది. నాలుగు పేజీలు, చక్కటి దస్తూరీ, ఒక్క కొట్టివేత లేదు. ఇంత రాసినవాడివి అసలు ప్రశ్నకు జవాబు రాయలేదు. ఉప్పు తినకుండా ఒంట్లోకి నీరు ఎలా వస్తుంది? కూడికలో తప్పు లేకపోతే మొత్తం తప్పు రాదు. ఎక్కడో ఒక అంకె దాస్తున్నారు.

నువ్వు కాకపోతే మీనాకుమారి. మొగుడు చప్పిడి తింటున్నాడని జాలిపడి చారులో ఓ చిటికెడు, కూరలో ఓ చిటికెడు వేసే రకం ఆవిడ. అందుకని ఆవిడకు విడిగా ఉత్తరం రాశాను. కాస్త గట్టిగానే రాశాను. జాలితో మొగుణ్ణి ఆసుపత్రికి పంపే ఇల్లాలిని ఏమనాలో నాకు తెలియదని రాశాను. ఉప్పు లేని కరివేపాకు పొడి, నువ్వుల పొడి చేసి పంపుతున్నాను.

వాటితోపాటు బస్సు పార్సిల్లో బరువు చూసే మిషను కూడా వస్తోంది. రోజూ పొద్దున్న లేచి, కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తాగకముందు ఎక్కు. పక్కన తేదీ రాయి. మే నెల సగానికి ఆ చీటీ నాకు పంపాలి. సర్దుబాటు చేసిన అంకెలు నేను పట్టుకుంటాను. నా దగ్గర ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉంది.

అక్కయ్య


మండపేట,
17 మే 2025

అక్కయ్యకు నమస్కారం.

నువ్వు అడిగిన చీటీ దీంతో జతపరిచాను. ఒక్క అంకె మార్చలేదు.

మీనాకుమారి నీ ఉత్తరం చదివింది. మడిచి పోపుల డబ్బా కింద పెట్టింది. తరవాత మూడు రోజులు నీ పేరు ఎత్తలేదు. నాకు విడిగా వండటం ఇష్టం లేక ఏడాదిగా తానూ నాతోపాటు చప్పిడే తింటోంది. ఆవిడకు ఏ జబ్బూ లేదు, అయినా తింటోంది. మొన్న సోమవారం మిట్టమధ్యాహ్నం బావి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. మా వీధి ఆర్‌ఎంపీ వచ్చి చూసి, ఈ ఎండల్లో ఒంట్లో ఉప్పు లేకపోతే ఇలాగే అవుతుందని, ఉప్పు కలిపిన నీళ్ళు తాగించాడు. ఆవిడ దొంగతనంగా ఉప్పు వేస్తోందని నువ్వు రాశావు. నేను ఇంతకన్న ఏమీ రాయను.

ఈ సీజను తీరిక లేకుండా ఉంది. కాళ్ళకు కాస్త నీరు దిగింది గాని బాగానే ఉన్నాను.

నరసింహమూర్తి

(చీటీ)
మే 5: 63.0. 6: 63.1. 7: 63.0. 8: 63.0. 9: 63.9. 10: 63.7. 11: 64.7. 12: 64.1. 13: 63.5. 14: 63.3. 15: 64.2. 16: 65.0. 17: 65.9.


తుని,
20 మే 2025

నరసింహానికి,

ముందుగా మీనాకుమారికి. అమ్మా, నేను రాసింది తప్పు. పెద్దదాన్ననే అహంకారంతో రాశాను. ఈ ఉత్తరం నువ్వే ముందు చదవాలని కవరు మీద నీ పేరు రాశాను. నీ కంచంలో ఉప్పు వేసుకో. ఇది నా ఆజ్ఞ అనుకో, క్షమాపణ అనుకో, నీ ఇష్టం.

ఇక నీ సంగతి, నరసింహం. నీ చీటీ గోడమీద పంచాంగం పక్కన అంటించాను. ఎనిమిదో తేదీ ముహూర్తం, తొమ్మిదిన బరువు తొమ్మిది వందల గ్రాములు పెరిగింది. పదో తేదీ ముహూర్తం, పదకొండున ఏకంగా కిలో. పన్నెండు, పదమూడు ఖాళీ రోజులు, దిగుతూ వచ్చింది. పధ్నాలుగు, పదిహేను, పదహారు వరసగా మూడు ముహూర్తాలు. పదిహేడున అరవై ఐదూ తొమ్మిది వందలు. నీ బరువు పంచాంగం చూసుకుని పెరుగుతోంది నాయనా. ఆరో తరగతి పిల్లాడైనా చెబుతాడు ఇక్కడ ఏం జరుగుతోందో.

పెళ్ళిభోజనాలు. ఇంట్లో పెళ్ళాం చప్పిడి తిని బావి దగ్గర పడిపోతుంటే నువ్వు పెళ్ళివారింట్లో పులిహోర, పెరుగువడ, అప్పడాలు, ఊరుమిరపకాయలు. అందుకే అడిగినదానికి జవాబు లేదు. అందుకే అంత పొడుగు ఉత్తరాలు. డాక్టరు రాసింది నిజమే అయింది. నేను అనవసరంగా నీ తరఫున కోపం తెచ్చుకున్నాను. నీ జిహ్వ కోసం నువ్వు చస్తే మీనాకుమారికి ఏం చెప్పమంటావు?

అక్కయ్య


మండపేట,
23 మే 2025

అక్కయ్యా,

నమస్కారం రాసే ఓపిక కూడా లేదు. కోపం మీద రాస్తున్నాను. ఈసారి కొట్టివేతలు ఉంటాయి, చూసుకో.

నలభై ఏళ్ళుగా పౌరోహిత్యం చేస్తున్నాను. ముహూర్తం ఉన్ననాడు పీట మీద కూర్చున్నాక తంతు ముగిసేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను. ముగిశాక రెండు అరటిపళ్ళు తిని ఇంటికి వచ్చి మీనా వండింది తింటాను. పెళ్ళివారు బతిమాలినా ఒక్క విస్తరి ముందు కూర్చోలేదు. నాన్నగారు పెట్టిన నియమం అది, నీకూ తెలుసు. తెలిసి కూడా తిండిపోతునని రాశావు. ఆసుపత్రివాళ్ళు నన్నెరగనివాళ్ళు. నువ్వు ఎరిగినదానివి.

నీ లెక్క సరైనదే. జవాబు తప్పు. ముహూర్తం రోజుల్లో నేను నీరు పోయే మాత్ర వేసుకోను.

ఆ మాత్ర వేసుకుంటే గంటలో మొదలవుతుంది. మూడు గంటల్లో ఐదారుసార్లు లేవాలి. గణపతిపూజ మొదలు అప్పగింతల దాకా నా పని ఐదు గంటలు, పీట మీద. వధూవరుల చేతులు నా చేతిలో ఉంటాయి, చుట్టూ ఐదువందల మంది, ఎదురుగా కెమెరా. ఎక్కడికని లేస్తాను? తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు మీనా మాత్ర అరచేతిలో పెడుతుంది. వేసుకున్నట్టే చేసి సంచిలో విభూతి భరిణెలో వేస్తాను. పారెయ్యడానికి మనసొప్పదు, మందు కదా. నిన్న లెక్కపెట్టాను. నలభై ఒకటి ఉన్నాయి.

లేవకూడదని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు. వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, ఆచమనం చేసి వచ్చి కూర్చోవచ్చు. నాన్నగారు కూడా అదే చెప్పేవారు. నేను కూడా మొదట్లో లేచాను. పోయిన ఏడాది మాఘంలో, ఆ మాత్ర కొత్తగా రాసిన రోజుల్లో, రావులపాలెం వైపు ఒక పెళ్ళిలో ఆపుకోలేక తలంబ్రాలకు ముందు లేచాను. పంచె ఎగ్గట్టుకుని, సిగ్గుతో ఉత్తరీయం మొహానికి అడ్డం పెట్టుకుని మండపం దిగి పరిగెత్తాను. ఎవడో వీడియో తీశాడు. దానికి సినిమా పాట తగిలించి "పంతులుగారు పరార్" అని పేరు పెట్టి వదిలాడు. పాలకొల్లు నుంచి పిఠాపురం దాకా తిరిగింది. మొహం కనపడదు గనక ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు. మీనాకి కూడా తెలియదు.

అది నీకూ వచ్చింది అక్కయ్యా. నువ్వే నాకు పంపావు.

ఆ రోజు నుంచి ముహూర్తం నాడు మాత్ర లేదు. మహాసంకల్పం ఒకప్పుడు మూడు ఊపిర్లలో చెప్పేవాణ్ణి. ఇప్పుడు పది చోట్ల ఆగుతున్నాను. పక్కన సన్నాయివాళ్ళు నాకేసి చూస్తున్నారు. రాత్రి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాను. నువ్వు అంకె దాచాను అన్నావు. దాచింది ఇదే.

నరసింహమూర్తి


తుని,
26 మే 2025

నాన్నా నరసింహం,

నా ఫోనులో వెనక్కి వెళ్ళి చూశాను. ఫిబ్రవరి ఇరవై రెండు, 2024. ఉంది. కింద నేను రాసిన మాట కూడా ఉంది. "చూడరా, మీ వృత్తివాళ్ళకు కూడా ఎంత తొందరో" అని, మూడు నవ్వు బొమ్మలు. నాకు పాట వినపడదు కాబట్టి బొమ్మ చూసే నవ్వాను. నా తమ్ముడి నడక నాకు తెలియలేదు. నువ్వు నడవడం నేర్చింది నా వేలు పట్టుకునే.

దాన్ని పదకొండుమందికి పంపాను. పదకొండుమందికీ నిన్న కార్డులు రాశాను. ఆ పరిగెత్తినవాడు మా తమ్ముడు, గుండెజబ్బు మనిషి, నవ్వినందుకు నాకు సిగ్గుగా ఉంది, మీకూ ఉండాలి అని రాశాను. ఎవరెవరికి కోపం వస్తుందో రానీ.

ఇంకోటి. నీ ఉత్తరాల్లో నువ్వు ఎప్పుడూ ఆయాసపడవు. పొడుగు వాక్యాలు, చక్కటి దస్తూరీ. ఫోనులో నీ గొంతు విన్నవాళ్ళందరికీ తెలిసింది, నాకొక్కదానికే తెలియలేదు.

ఇది అందగానే మాత్ర వేసుకో. రేపు నీ చీటీ తీసుకుని కాకినాడ వెళుతున్నాను.

అక్కయ్య


తుని,
28 మే 2025

చిరంజీవి నరసింహానికి ఆశీస్సులు.

వెళ్ళాను. సహస్ర తోడు వచ్చింది. రోహిణి ఎండ, బస్సులో కిటికీ ఇనుము చేతికి కాలుతోంది. ఆసుపత్రిలో రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. పేషెంటు రాకుండా డాక్టరుగారిని చూడటం కుదరదని కౌంటరు అమ్మాయి అందట. నాకు వినపడలేదు, అది నాకు కలిసొచ్చింది. తిన్నగా లోపలికి వెళ్ళిపోయాను.

వినీల అని ఒక డాక్టరమ్మ, ముప్పై అయిదేళ్ళుంటాయేమో. బల్ల మీద నీ బరువు చీటీ, పక్కన పంచాంగం పరిచాను. ముహూర్తాల కింద ఎర్ర గీతలు గీసి పెట్టాను ముందే. ఆవిడ చాలాసేపు చూసింది. ఏదో అడిగింది. నేను కాగితం తోశాను. అప్పుడు రాసింది: "ఆయన ఏం పని చేస్తారు?"

నాకు అక్కడే దుఃఖం, కోపం రెండూ వచ్చాయి. ఆ మాట మొదటిరోజే అడిగితే మా వాడు రెండోసారి పడేవాడు కాదని చెప్పాను. నాకు నా గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, బయట వరండాలో వాళ్ళంతా తొంగిచూశారట. అచ్చిబాబు సంగతి కూడా చెప్పాను. ఆవిడ కోపగించుకోలేదు. తలొంచుకుని రాసింది. నా మనవరాలి చేత చదివించుకోనక్కర లేకుండా పెద్ద అక్షరాలతో తెలుగులో రాసింది. మామూలుగా అయితే తంతు ఉన్న రోజు మాత్ర మానక్కరలేదు, తంతు అయ్యాక మధ్యాహ్నం వేసుకుంటే సరిపోయేదట. కేవలం వేళ మార్చుకుంటే చాలు. ఇంత చిన్న మాట కోసం ఏడాదిపైన నువ్వు కూర్చుని నిద్రపోయావు. ఎవర్ని తిట్టాలో తెలియక బస్సులో నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇప్పుడు మాత్రం ఆలస్యం అయిందట. దాదాపు మూడు కిలోల నీరు ఉంది కాబట్టి వెంటనే వచ్చి ఇంజెక్షన్లు చేయించుకోవాలి. ఆ తరవాత మూడు వారాలు రోజుకు రెండు పూటలా మాత్ర, వేళ తప్పకుండా. నీ స్వంతంగా వేళలు మార్చకూడదు.

మూడు వారాలంటే సహస్ర పెళ్ళి అందులోనే పడుతుంది. అందుకని పెద్దాపురం నుంచి మణిశంకర్ అనే పురోహితుణ్ణి మాట్లాడాను. నువ్వు ఇంట్లో పడుకో.

అక్కయ్య


మండపేట,
1 జూన్ 2025

అక్కయ్యకు నమస్కారం.

కాకినాడ వెళ్ళాను. రెండు రోజులు ఉంచుకుని ఇంజెక్షన్లు చేశారు. డాక్టరమ్మ నన్ను చూడగానే, "మీ అక్కగారు వచ్చి వెళ్ళారండి. మా వార్డులో ఇప్పుడు కొత్త కేసు కాగితం మీద మొదటి ప్రశ్న మార్చేశామండి" అంది. విభూతి భరిణె ఆవిడ బల్ల మీద ఒంపాను. నలభై ఒక్క మాత్రలూ ఆవిడే ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. ఇవాళ పొద్దున్న బరువు 63.4. నిన్న రాత్రి వెల్లకిలా పడుకున్నాను. ఎన్నాళ్ళయిందో గుర్తులేదు.

ఇంతదాకా నీకు రుణపడి ఉన్నాను. ఇక నా కోపం రాస్తాను.

నన్ను అడక్కుండా మణిశంకర్‌ను మాట్లాడావు. పెళ్ళి మానుకోమని డాక్టరమ్మ రాసిందా? నువ్వు జతచేసిన ఆ కాగితం నేనూ చదివాను, ఎక్కడా లేదు. మాత్ర మానకూడదని మాత్రమే ఉంది. మాత్ర వేసుకుంటే లేస్తాను. నీ మనవరాలి పెళ్ళిలో, నీ వియ్యాలవారి ముందు, పురోహితుడు పంచె సర్దుకుంటూ లేస్తాడు. అదేనా నీకు నామోషీ? పదకొండు కార్డులు రాసినదానివి పన్నెండోది, సిగ్గుపడి ఇంట్లో ఉండమని, నాకు రాసినట్టుంది. నేనిన్నాళ్ళూ మాత్ర మానింది సరిగ్గా ఇందుకే. జనం సంగతి నేను తప్పుగా అనుకోలేదని ఇప్పుడు తెలిసింది.

నరసింహమూర్తి


తుని,
3 జూన్ 2025

ఒరేయ్ నరసింహం,

నీకు గుండెతోపాటు బుర్రకు కూడా నీరు పట్టింది. నువ్వు ఇంట్లో పడుకోవాలని రాశాను. ఎందుకు రాశాను? నువ్వు చస్తావని భయం వేసి రాశాను. ఇంత సూటి మాటలో నామోషీ ఎక్కడ దొరికింది నీకు? నేను పంపిన ఆ దిక్కుమాలిన వీడియోలో దొరికింది, తెలుసు. అందుకే తిట్టడం ఇక్కడితో ఆపుతున్నాను.

ఆరో తేదీ సాయంత్రానికి మీనాకుమారితో కలిసి రా. పీట మీద నువ్వే కూర్చుంటావు. మాత్ర పొద్దున్న ఏడింటికి అందరి ఎదుటా వేసుకుంటావు. మణిశంకర్‌గారు నీ పక్కన కూర్చుంటారు, నువ్వు ఆపిన చోట మంత్రం అందుకుంటారు. "పెద్దాయన లేస్తే నేను చూసుకుంటానండి, ఎన్నిసార్లయినా లేవనివ్వండి" అని ఆయనే రాసి ఇచ్చారు. మండపం వెనక గది తెరిపించి, బక్కెట్లో నీళ్ళు, చెంబు పెట్టించాను. వియ్యపురాలికి కూడా ముందే చెప్పాను. ఆవిడ మొగుడు కూడా ఆ మాత్రే వేసుకుంటాడట.

నువ్వు లేస్తావు కాబట్టే రావాలి. అర్థమైందా?

అక్కయ్య


మండపేట,
12 జూన్ 2025

అక్కయ్య పాదాలకు నమస్కారం.

సహస్ర నూరేళ్ళు చల్లగా ఉంటుంది. పెళ్ళిలో జరిగినదంతా నువ్వు చూశావు. కాని నీకు వినపడలేదు కాబట్టి, ఏం వినపడిందో రాయడం నా బాధ్యత అనిపించింది.

మొదటిసారి లేచినప్పుడు ఉత్తరీయం మొహం మీదికి లాక్కోబోయాను. అప్పుడు నువ్వు ఇత్తడి చెంబు పట్టుకుని నా ముందు నిలబడి నడవడం మొదలుపెట్టావు. నీ వెనక నేను. సన్నాయి ఆగలేదు. మణిశంకర్‌గారు మంత్రం అందుకున్నారు. వెనక వరసలో ఎవరో, "ఏంటండి, పంతులుగారు అప్పుడే వెళ్ళిపోతున్నారు?" అన్నారు. పీట మీద నుంచి సహస్ర తల తిప్పి, "మా తాతగారు వస్తారండి. వచ్చాకే జీలకర్ర బెల్లం" అంది. పెళ్ళికూతురు అంత పెద్దగా మాట్లాడటం నేను నలభై ఏళ్ళలో వినలేదు. నువ్వు వీడియో అబ్బాయితో, "ఆపకు బాబూ, మొహం కూడా తియ్యి, ఈయన మా తమ్ముడు" అన్నావే, అది మండపం చివర వంటవాళ్ళకు కూడా వినపడింది. నీ గొంతు ఎంత పెద్దదో నీకు తెలియదని రాశావు. చాలా పెద్దది.

రెండోసారి తలంబ్రాలకు ముందు లేచాను. సరిగ్గా అప్పుడే, ఆనాటిలాగే. ఈసారి పరిగెత్తలేదు.

నువ్వు ఆ వీడియో బంధువుల గ్రూపులో పెట్టినట్టు మీనాకుమారి చూపించింది. నీ మాట కూడా చదివింది. "మా తమ్ముడు నరసింహమూర్తి. గుండెకు మాత్ర వేసుకుని పెళ్ళి చేయించాడు. మధ్యలో రెండుసార్లు లేచాడు. నవ్వాలనుకున్నవాళ్ళు నాకు ఉత్తరం రాయండి." ఎవరూ రాయలేదనుకుంటాను.

కాని అది మా వృత్తివాళ్ళకు ఎలాగో చేరింది. మొన్నటి నుంచి నాకు నలుగురు ఫోను చేశారు. అమలాపురం వైపు ఇద్దరు, సామర్లకోట ఆయన ఒకరు, జగ్గంపేట నుంచి ఒకరు. ఎవరూ ముందు విషయం చెప్పరు. ముహూర్తాల సంగతి, మౌఢ్యం సంగతి మాట్లాడి, ఫోను పెట్టేసేముందు అడుగుతారు, "ఆ మాత్ర తంతు అయ్యాక మధ్యాహ్నం వేసుకోవచ్చేమో డాక్టరుగారిని అడిగారా అండి?" అని. నలుగురిదీ అదే మాత్ర. నలుగురూ మానేస్తున్నవాళ్ళే. సామర్లకోట ఆయన వాటిని కుంకుమ భరిణెలో దాస్తున్నాడట. మీ డాక్టర్ని మీరే అడగండి, మీరేం పని చేస్తారో ముందు చెప్పండి అని నలుగురికీ చెప్పాను. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు అక్కయ్యా. నలుగురు నాకు చేశారు. చెయ్యనివాళ్ళు ఎంతమందో.

అచ్చిబాబును కూడా సోమవారం డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాను. ఊక దుమ్ము అని ఈసారి కాగితం మీద రాశారు.

మీనా నీకు మాగాయ ముక్కలు ఎండబెట్టి పంపుతోంది. తన కంచంలో ఉప్పు వేసుకుంటోంది. నన్ను ఆ జాడీ గదిలోకి రానివ్వడం లేదు.

ఇవాళ పొద్దున్న బరువు 62.8. విభూతి భరిణెలో విభూతి ఉంది.

నీ తమ్ముడు
నరసింహం